రేచడు ఎవరి పూర్వీకుడు?
వంశం, వారసత్వం, సేవ: కుల సంఘాల మీద ఒక విమర్శ

నల్లగొండ, పాలమూరు దిక్కు ఇయ్యాల ఏ మండల కేంద్రానికి పోయినా ఏదో ఒక కుల సంఘం బోర్డు కనపడుతది. పాత రెండు జిల్లాలు 2016లో, 2019లో విడిపోయి ఎనిమిది అయినంక జిల్లా కమిటీలు కూడా అన్ని అయినయి. సభ్యత్వ రసీదు, గోడ క్యాలెండరు, పదో తరగతిల మంచి మార్కులొచ్చిన పిల్లలకు మెమెంటో, కమ్యూనిటీ హాలుకు జాగ కావాలని కలెక్టరుకు వినతిపత్రం, వీలైతే కులచరిత్ర మీద ఒక చిన్న పుస్తకం. ఇదీ సంఘం రూపం. అగ్రకులాల సంఘాలకూ ఇదే రూపం, వెనుకబడిన కులాల సంఘాలకూ ఇదే, మన మాల, మాదిగ సంఘాలకూ ఇదే. డిగ్రీలు, పీజీలు చదివిన మన పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న కూడా ఒకటే. సంఘంల చేరాల్నా, వద్దా?

చేరుమని గాని, వద్దని గాని ఒక్క ముక్కల చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఆ ప్రశ్నల మూడు మాటలు దాగి ఉన్నయి: వంశం, వారసత్వం, సేవ. ఈ మూడు మాటలు మనం పుట్టించినవి కావు. ఇవి ఎక్కడినుంచి వచ్చినయి, ఎవరి కోసం తయారైనయి, మన వాడకు వచ్చేటప్పటికి ఏం చేస్తున్నయి అని చూడకుండ రసీదు మీద సంతకం పెట్టడం సరికాదు. అందుకనే ఈ చర్చ.

వంశం ఎవరు రాసిండ్రు?

వంశం గురించి మాట్లాడితే నల్లగొండల మొదలు చెప్పుకోవల్సింది రేచర్ల గోత్రం సంగతి. రాచకొండ, దేవరకొండ కోటల నుంచి 14, 15 శతాబ్దాల్లో ఏలిన రేచర్ల పద్మనాయకులది ఈ గోత్రం. వాళ్ల వారసులుగా చెప్పుకునే వెంకటగిరి వెలుగోటి వారి చరిత్ర 'వెలుగోటివారి వంశావళి'. దీన్ని నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంల 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. ఈ వంశ సంప్రదాయంల ఒక కథ నడుస్తది. చరిత్ర పాఠాల్లో దాన్ని ఎవరూ పెద్దగ చెప్పరు. చెప్పినా ఒక వింతగ చెప్పి దాటేస్తరు.

కథ ఇది. మూలపురుషుడు చెవిరెడ్డి ఆమనగల్లుల సేద్యం చేసుకునే మనిషి. ఆ ఆమనగల్లు మిర్యాలగూడ దిక్కుంటది. పొలం దున్నుతుంటే నిధి దొరికింది. నిధి దక్కాలంటే నరబలి కావాలని ఒక వాక్కు వినపడ్డది. చెవిరెడ్డి దగ్గర రేచడు అనే మాల జీతగాడు ఉన్నడు. బలికి అతనే ఒప్పుకున్నడట. ఒప్పుకుని రెండు కోరికలు కోరిండట. మీ వంశానికి నా పేరు పెట్టుకోవాలె, మీ ఇంట్ల పెండ్లికి ముందు నా వాళ్ల పెండ్లి చేయించాలె. రెడ్డి మాట ఇచ్చిండు. రేచడు నేలకొరిగిండు. నిధి రెడ్డికి దక్కింది. రేచడి పేరు రేచర్ల గోత్రమయింది. ఆ తర్వాత కోటలు, రాజ్యాలు, సింగభూపాలుని వంటి సర్వజ్ఞులు, అలంకార శాస్త్రాలు అన్నీ వచ్చినయి.

ఇది నిజంగ జరిగిందా లేదా అని తేల్చుడు మా ఉద్దేశం కాదు. ఇట్లాంటి కథ ఒక రాజవంశం తన చరిత్ర మొదట్ల ఎందుకు పెట్టుకున్నది, అన్ని తరాలు ఎందుకు మోసింది అనేదే అసలు ప్రశ్న. మామూలుగ వంశావళులు సూర్యుని నుంచో చంద్రుని నుంచో బ్రహ్మ పాదాల నుంచో మొదలైతయి. ఇక్కడ ఒక మాలవాని నెత్తురు నుంచి మొదలైంది. తమ సంపద ఎవరి చావు మీద నిలబడ్డదో వాళ్లకు తెలుసు. తెలిసిన సంగతిని దాచలేక కథగ మలిచిండ్రు అని మేము అనుకుంటున్నం.

ఆ మలిచిన తీరును చూడాలె. మొదటిది, రేచడు తనంత తానే ఒప్పుకున్నట్టు చెప్పిండ్రు. జీతగానికి ఒప్పుకునేది, ఒప్పుకోనిది అంటూ ఉంటదా? దొర ముందు నిలబడ్డ జీతగాడు "అట్లనే దొరా" అనక ఏమంటడు? బలవంతాన్ని సమ్మతిగ, హత్యను త్యాగంగ రాసుడు ఆ కథ చేసిన మొదటి పని. రెండోది, నిధి దున్నుతుంటే దొరికింది అన్నరు. నాగలి ఎవరి చేతిల ఉన్నది? సేద్యగాడు రెడ్డి అయితే, జీతగాడు ఎందుకు? భూమిల దొరికిన నిధి అంటే భూమిల మాల, మాదిగలు పోసిన చెమట అని చదవడానికి ఆ కథే మనకు సందు ఇస్తున్నది. మూడోది, పంపకం చూడుండ్రి. ఒకరికి నిధి, ఇంకొకరికి పేరు. భూమి, కోట, రాజ్యం పోయినవానికి రాలేదు. పెండ్లి ముందు పెండ్లి అనే ఒక ఆచారం వచ్చింది. వాటా ఇయ్యవల్సిన దగ్గర మర్యాద ఇచ్చిండ్రు. నాలుగోది, రేచడికి తల్లి ఎవరు, ఆలి ఎవరు, పిల్లలు ఎవరు? వాళ్ల పేర్లు కథల లేవు. వంశానికి పేరిచ్చినవానికే వంశం లేకుండ పోయింది.

రేచర్ల గోత్రం అని చెప్పుకునే వాళ్ల సంఘాల్లో రేచడి వాడ మనిషికి సభ్యత్వం దొరుకుతదా? దొరకదు. పేరు మనది, రసీదు వాళ్లది. ఒకరి శ్రమను, పేరును, చివరికి చావును గూడ మరొకరి ఆస్తిగ మార్చి రాసిపెట్టే పద్ధతికి వంశం అని పేరు. దీన్ని మరిచి మనం కూడ ఒక వంశవృక్షం గీసుకుందామని కూసుంటే మన చెట్టు కింద కూడ ఒక రేచడు పడి ఉంటడు. వానికోసం మన వాడలనే వెతకవల్సి వస్తది.

సేవ పేరుతో పెరిగిన బలం

అగ్రకులాలకు వంశ సంఘం వట్టి గొప్ప చెప్పుకునే వేదిక కాదు. అది పని చేసింది. 1918లో హైదరాబాదుల రెడ్డి హాస్టలు పెట్టిండ్రు. దానికి మూలస్తంభం రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. పాలమూరు వనపర్తి సీమ నుంచి పోయి హైదరాబాదు కొత్వాలు అయిన మనిషి. గద్వాల, వనపర్తి వంటి పాలమూరు సంస్థానాల అండ దానికి ఉండింది. పాలమూరు బిడ్డే అయిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలు బాధ్యతలు చూసిండు. 1926లో గోలకొండ పత్రిక, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక ఆయన చేతుల మీదుగ వచ్చినయి. తెలంగాణల తెలుగు చదువుకు, పత్రికకు, గ్రంథాలయానికి ఆ తరం చేసిన పనిని మేము తక్కువ చేయం. ఉర్దూ రాజ్యంల తెలుగు నిలబడ్డదంటే వాళ్ల పాత్ర ఉన్నది.

కాని చూడవల్సింది ఇంకొకటి ఉన్నది. హాస్టలు అంటే అన్నం, పడక, దీపం, పుస్తకం, పట్నంల ఒక పరిచయం. ఇవి దొరికిన పిల్లలు వకీళ్లయిండ్రు, ఉద్యోగులయిండ్రు, తర్వాత మంత్రులయిండ్రు. ఊర్ల భూమి ఉన్నది, పట్నంల హాస్టలు ఉన్నది, మధ్యల సంఘం ఉన్నది. మూడూ కలిస్తే అధికారం. దానికి సమాజ సేవ అని పేరు. సమాజం అంటే ఏ సమాజం అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగవల్సినవాడు బడి మెట్టు కూడ ఎక్కలేదు.

ఇది పాత ముచ్చట అని కొట్టిపారేయడానికి లేదు. 2021 జూన్‌ల తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు హైటెక్ సిటీ పక్కన ఖానామెట్‌ల వెలమ సంఘానికి ఐదెకరాలు, కమ్మ సంఘానికి ఐదెకరాలు కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద దాఖలైన వ్యాజ్యంల 2023లో హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ జాగల గజం ధర ఎంతో పట్నంల కూలికి పోయే ప్రతి పాలమూరు మనిషికి తెలుసు. రేచడి కథల నిధి దొరికినట్టే ఉన్నది ఇది. భూమి కింద కాకుండ జీవో కింద దొరికింది, అంతే తేడా. వారసత్వం, సేవ అనే మాటలు ఉన్నోని చేతిల పడితే భూమి అయితయి. మన చేతిల పడితే క్యాలెండరు అయితయి. రూపం ఒకటే అయినా ఫలితం ఎందుకు ఒకటి కాదో ఆలోచించాలె.

మన తాతల జవాబు

ఈ ప్రశ్నను మనమే మొదలు అడుగుతలేము. వంద ఏండ్ల కింద హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ అడిగిండు. 1888లో పుట్టిన ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. అంటరానోళ్లు అనబడేటోళ్లు ఒకప్పుడు ఈ నేలను ఏలిన రేడులు, అందుకే రెడ్డి అని పెట్టుకోవాలె అని ఇంటి గురువు చెప్పిండనీ, అట్ల భాగ్యరెడ్డి అయిండనీ చెప్పుకుంటరు. 'వర్మ' ఆ తర్వాత ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. ఆ పేరులనే ఒక వాదం ఉన్నది. చెవిరెడ్డి వంశం మాలవాని పేరు తీసుకుని దొర అయింది. భాగయ్య దొరల పేరు తీసుకుని అది మాదే అన్నడు. రేచడి దగ్గర పోయిన పేరును ఎదురు తిరిగి గుంజుకున్నట్టు ఉన్నది.

1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం, ఆ తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్. 1917లో బెజవాడల పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించి, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చెప్పించిండు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యంల ఆది హిందువులు అనే పేరు ఎక్కించేదాక కొట్లాడిండు. బడులు పెట్టిచ్చిండు. దేవదాసి, మురళి ఆచారాల మీద పోరాడిండు. 'ఆది' అన్న రెండక్షరాలు ఒక్కటే మాట చెప్పినయి: మేము ఎవరి వంశానికీ తోక కాదు, ఈ నేలకు మొదటి మనుషులం.

ఈ వారసత్వాన్ని మేము తల మీద పెట్టుకుంటం. అయినా దాన్ని విమర్శనాత్మకంగ చూడకపోతే ఆయనకు చేసే న్యాయం కాదు. ఆది అనే వాదంల ఒక బలం, ఒక చిక్కు రెండూ ఉన్నయి. అవమానంల పుట్టినోనికి తలెత్తుకునే చోటు చూపించడం బలం. కాని పాత గొప్ప ఉంటేనే ఇయ్యాల హక్కు అన్నట్టు తయారవుడు చిక్కు. మా తాత రేడు కాకపోతే నేను మనిషిని కానా? మా ముత్తవ్వ పేడ ఎత్తితే, పొలంల నాటు వేస్తే, చనిపోయిన గొడ్డు తోలు తీస్తే, ఆ పని చేసినందుకే ఆమె గొప్పది అని చెప్పే చరిత్ర ఏది? రాజుల పూర్వీకులు కావాలని వెతుక్కుంటే వెట్టి చేసిన పూర్వీకులు మళ్లీ ఒకసారి వాకిట్లనే నిలబడిపోతరు.

అంబేద్కర్ ఈ చిక్కును గుర్తుపట్టిండు. అంటరానితనం ఎట్ల పుట్టిందో చర్చిస్తూ 1948లో రాసిన పుస్తకంల అంటరానోళ్లది వేరే జాతి, వేరే రక్తం అనే వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఓడిపోయి, చెదిరిపోయి ఊరి బయట బతికిన మనుషులు, బౌద్ధాన్ని విడిచిపెట్టని మనుషులు అన్నడు. ఆయన వెతికింది రక్తం కాదు, సంబంధం. ఎవరు ఎవరిని ఎట్ల బయట పెట్టిండ్రు అని. మన సంఘాల కులచరిత్ర పుస్తకాల్లో అంబేద్కర్ ఫొటో మొదటి పేజీల ఉంటది. రెండో పేజీల నుంచి ఏ రుషికి ఏ అప్సరసకు పుట్టినమో ఉంటది. అరుంధతి సుతులం, జాంబవుని వంశస్థులం అని మొదలైతది. ఫొటోకు, పాఠానికి పొంతన ఉండదు.

జాంబపురాణం చెప్పేటోడు ఎక్కడ కూసుంటడు?

మాదిగల వంశకథ పుస్తకాల నుంచి వచ్చింది కాదు. దాన్ని తరతరాలు నోట్ల పెట్టుకుని మోసినోళ్లు ఉన్నరు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు పుట్టిండని చెప్పే జాంబపురాణం డక్కలి వాళ్ల నోట, చిందు వాళ్ల ఆటల బతికింది. బ్రాహ్మణుడే సృష్టికి ముందు అని చెప్పే పురాణాలకు ఎదురుంగ నిలబడి, చెప్పులు కుట్టేటోడే అందరికన్న పెద్దోడు అని చెప్పిన కథ అది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఈ ఆశ్రిత కులాల కథలను, వాయిద్యాలను వెలికి తీసిండ్రు. మౌఖిక సాహిత్యం అని విశ్వవిద్యాలయాలు ఇప్పుడు దాన్ని పాఠం చెప్తున్నయి.

కాని ఆ పురాణం చెప్పే మనిషి సంగతి ఏమిటి? డక్కలి మనిషి మాదిగ వాడకు వస్తే వాడ బయటనే గుడిసె వేసుకోవాలె. మాదిగ ఇంట్ల అడుగుపెట్టకూడదు. వంశం పొగిడి, గోత్రాలు చెప్పి, త్యాగం అడుక్కుని పోవాలె. ఊరు వాడను బయట పెట్టింది, వాడ డక్కలిని బయట పెట్టింది. మన వంశాన్ని కాపాడినోన్ని మనం ముట్టుకోలేదు. చెవిరెడ్డికి రేచడు ఎట్లనో, మన వంశకథకు డక్కలి అట్ల అయిండు అంటే కోపం రావచ్చు. కోపం వచ్చినా సరే, ఆ మాట అనవల్సిందే.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు పాడుతడు. 2021లో ఒక సినిమా పాటతో ఆయన గొంతు అందరికీ తెలిసింది. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో ఆయన కూలి పని చేస్తున్న ఫొటోలు పత్రికల వచ్చినయి. వారసత్వం అనే మాటకు ఇంతకన్న సూటి వ్యాఖ్యానం ఇంకొకటి లేదు. కిన్నెర వారసత్వ సంపద, కిన్నెర పట్టుకున్న చెయ్యి మాత్రం అడ్డా కూలి. ప్రభుత్వాన్ని తిట్టుడు సులువు. మన సంఘాలను కూడ అడగాలె. వేదిక మీద కిన్నెర పాట పెట్టిచ్చి శాలువ కప్పే సంఘం, తన కార్యవర్గంల ఒక డక్కలి మనిషికి, ఒక మాష్టి మనిషికి, ఒక బైండ్ల మనిషికి కుర్చీ ఇస్తదా?

ఇది వట్టి నీతి ప్రశ్న కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మొదలైన దండోర, వాటా అనే మాటను మన నడుమకు తెచ్చింది. పేరు చివర మాదిగ అని పెట్టుకునుడు ఆ ఉద్యమం నేర్పింది. అప్పటిదాక తిట్టుగ ఉన్న మాట బిరుదయింది. కానీ వాళ్లు పేరు దగ్గర ఆగలేదు. పేరు ఇస్తే చాలు అనుకున్న రేచడి బేరాన్ని దండోర తిరగేసింది. పేరు మేమే పెట్టుకుంటం, మీరు వాటా పెట్టుండ్రి అన్నది. 2000 సంవత్సరంల చట్టం, 2004 నవంబర్‌ల దాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయుడు, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల మూడు గ్రూపుల వర్గీకరణ. ముప్పై ఏండ్లు పట్టింది. ఈ వర్గీకరణల 59 కులాలు ఉన్నయి. డక్కలి వంటి 15 చిన్న కులాలు మొదటి గ్రూపుల ఒక శాతం, మాదిగ తదితర 18 కులాలు రెండో గ్రూపుల తొమ్మిది శాతం, మాల తదితర 26 కులాలు మూడో గ్రూపుల ఐదు శాతం. వర్గీకరణ మీద మాల, మాదిగ మేధావుల నడుమ ఉన్న వాదం ఇక్కడ తిరగతోడం. ఒక్కటే అంటం. వాటా అడిగే నీతి పైకి ఒక తీరుగ, కిందికి ఒక తీరుగ ఉండకూడదు. 59 పేర్లలో చాలా వాటికి రసీదు పుస్తకం అచ్చు వేయించుకునే మనిషి కూడ లేడు. పెద్ద సంఘం వాళ్ల తరఫున మాట్లాడుతున్ననని చెప్పుడు వేరు, వాళ్లను మాట్లాడనిచ్చుడు వేరు.

తండ్రి పేరు గడి

సభ్యత్వ ఫారం తీసి చూడుండ్రి. పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు, గోత్రం. తల్లి పేరుకు గడి ఉండదు. వంశవృక్షం అంటే కొడుకుల చెట్టు. బిడ్డలు పెండ్లి కాంగనే చెట్టు నుంచి రాలిపోతరు, కోడండ్లు పేరు లేకుండ వచ్చి చేరుతరు.

పాలమూరుల ఈ గడికి ఇంకొక అర్థం ఉన్నది. జోగిని ఆచారం గట్టిగ పాతుకున్న జిల్లా ఇది. మాదిగ, మాల ఆడపిల్లను దేవుని పేర విడిచిపెట్టి ఊరి మగవాళ్ల పాలు చేసిన ఆచారం. 1988లో చట్టం నిషేధించింది, కాని ఆ పేరు మోసిన తల్లులు ఇంక ఉన్నరు, వాళ్ల పిల్లలు ఉన్నరు. బడిల తండ్రి పేరు అడిగితే ఏం చెప్పాలె అని నిలబడ్డ పిల్లలు వాళ్లు. ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లు వాళ్లు. ఆ పిల్లల తండ్రులు చాలామంది తమ వంశ సంఘాల్లో దర్జాగ కూసున్నోళ్లే కావచ్చు. ఆ పిల్లలకు మన సంఘం ఫారంల కూడ అదే గడి ఎదురయితే, ఇగ మన సంఘానికి, ఆ ఊరికి తేడా ఏమున్నది?

కుల సంస్కృతిని కాపాడుకుందాం అనే మాట విన్నప్పుడల్లా ఏ సంస్కృతి అని అడగాలె. డప్పు మన సంస్కృతి. డప్పు కొట్టి చావు కబురు చెప్పి రావల్సిన వెట్టి మన సంస్కృతి కాదు. ఎల్లమ్మ మన సంస్కృతి. ఎల్లమ్మ పేర ఆడపిల్లను వదులుడు మన సంస్కృతి కాదు. వారసత్వం అంటే దొరికిందల్లా మోసుడు కాదు, ఏది మొయ్యాలె, ఏది పారెయ్యాలె అని తేల్చుకునుడు. ఈ తేల్చుకునే పనిల ఆడవాళ్ల మాట మొదలు వినాలె. ఎందుకంటే మోసినోళ్లకే బరువు తెలుస్తది.

సేవ అనే మాట

సేవ మన వాడకు కొత్త కాదు. తరతరాలు చేసినం. దాని పేరు వెట్టి. నిజాం కాలంల ఊరి పనులకు వంతుల ప్రకారం మాల, మాదిగ ఇండ్ల నుంచి మనిషి పోవాలె. అధికారి వస్తే సామాను మొయ్యాలె, కబురు తీసుకపోవాలె, చెరువు తూము కాయాలె, చచ్చిన గొడ్డును గుంజాలె. తండ్రి చేస్తే కొడుకు చెయ్యాలె. మనకు లేవనుకునే వంశావళి అక్కడ ఉన్నది, ఆ వంతుల్ల. ఎవరి తర్వాత ఎవరు, ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు అని కరణం, పటేలు పక్కాగ లెక్క పెట్టుకున్నరు. మస్కూరి, నీరడి, సేత్‌సింధి అని పేర్లు మారినయి, తర్వాత గ్రామ సేవకుడు అయింది, వీఆర్ఏ అయింది. 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దేదాక ఆ గొలుసు ఏదో ఒక పేరుతో నడిచింది.

అందుకే సేవా సంఘం అనే మాట మా చెవికి అంత తియ్యగ వినపడదు. దుప్పట్లు పంచుడు, మెమెంటోలు ఇచ్చుడు తప్పు అనం. కాని ఇచ్చేటోడు, తీసుకునేటోడు అనే గీత మన నడుమనే గీసుకుంటే ఉద్యోగం వచ్చినోడు వాడకు చిన్న దొర అయితడు. మన తరం మొదటి ఉద్యోగులకు వాడ అప్పు ఉన్నది. ఆ అప్పును దానంగ కాదు, లెక్కగ తీర్చాలె. ఒక పిల్లకు పట్నంల హాస్టలు సీటు, ఒక కుటుంబానికి అసైన్డు భూమి కాయితం, ఒక అట్రాసిటీ కేసుల సాక్షి వెనుక చివరిదాక నిలబడే నలుగురు. ఇవి చేస్తే సేవ అనే మాట అక్కర్లేదు.

"అన్ని కులాలకు సంఘాలు ఉన్నయి, మనకు లేకపోతే ఎట్ల?"

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు నల్లగొండ నుంచే చెప్పుకోవాలె. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల ఒక దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య పక్కన ఉండంగ, ఆస్పత్రి ముందు నరికి చంపిండ్రు. ఆమె అగ్రకుల అమ్మాయి. ఆమె తండ్రే డబ్బులిచ్చి చంపించిండని కేసు. విచారణ నడుస్తుండంగనే ఆ తండ్రి చనిపోయిండు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. వంశం పరువు అనే మాట ఏం చేస్తదో చెప్పడానికి ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆమనగల్లు పొలంల రేచడు ఒరిగిండన్నది కథ. మిర్యాలగూడల ఒరిగింది కథ కాదు.

ఇట్లాంటి హత్య జరిగినప్పుడు వాడ ఒంటరి కాకూడదు. అప్పుడు సంఘం కావాలె. దాన్ని మేము కాదనం. కాని ఆ సంఘం కూడ వంశం మీద, రక్తం మీద నిలబడితే ఏమయితది? మన ఇంట్ల అమ్మాయి డక్కలి అబ్బాయిని చేసుకుంటే, మాల అమ్మాయి మాదిగ అబ్బాయిని చేసుకుంటే మన పెద్దమనుషులు ఏం చేస్తున్నరో అందరికీ తెలుసు. పంచాయితీ పెడుతున్నరు, మాట్లాడుడు బంద్ చేస్తున్నరు. పరువు అనే మాటను శత్రువు దగ్గర నేర్చుకుని మన ఇంట్ల వాడుతున్నం. మిర్యాలగూడ కోసం ధర్నా చేసే నోరు మన వాడల కులాంతర పెండ్లి ముందట మూసుకుంటే ఆ ధర్నాకు బలం ఉండదు.

సంఘం అనే మాటకు పాత అర్థం

సంఘం అనే మాట ఈ నేలకు చాలా పాతది. ఇప్పటి సూర్యాపేట జిల్లాల ఉన్న ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్కు మ్యూజియందాక పోయి వచ్చినయి. ఆ గుట్ట మీద ఉన్నది కూడ సంఘమే. దాంట్ల చేరాలంటే గోత్రం చెప్పాల్సిన పని లేదు. పుట్టుకతో వచ్చేది కాదు, మాట ఇచ్చి చేరేది. తర్వాత 1940లలో నల్లగొండ పల్లెల్లో సంఘం అంటే ఆంధ్ర మహాసభ. 1944 భువనగిరి సభ తర్వాత అది దొరల మీద తిరగబడే పేదల సంఘమయింది. వెట్టి బంద్ అయింది ఆ సంఘంతోని. అది మనల్ని ఎంతవరకు నాయకులుగ చేసింది, భూమి ఎవరికి దక్కింది అనే విమర్శ మనకు ఉన్నది. అయినా వాడ మనిషి గడీ ముందట తలెత్తి నిలబడ్డది ఆ మాట పట్టుకునే. ఈ రెండు సంఘాలకు కూడ వంశం తోని పని లేదు. మనకు వారసత్వం కావాలంటే ఇదిగో ఇది ఉన్నది.

కాబట్టి చేరాల్నా, వద్దా అని అడిగే విద్యార్థికి మేము చెప్పేది ఇది. చేరు, కాని చేరేటప్పుడు ఫారం చదువు. తల్లి పేరుకు గడి ఉన్నదా చూడు. జోగిని బిడ్డ, కులాంతర పెండ్లి చేసుకున్న జంట, వాళ్ల పిల్లలు సభ్యులు కావచ్చునా అడుగు. ఆశ్రిత కులాల మనుషులు వేదిక ముందట పాడుతున్నరా, వేదిక మీద కూసుంటున్నరా చూడు. లెక్కలు గోడకు అంటిస్తున్నరా, ఎన్నికలప్పుడు సంఘాన్ని గంపగుత్తగ ఎవరికైనా అప్పజెప్తున్నరా తెలుసుకో. కులచరిత్ర పుస్తకం వేస్తున్నం అంటే రుషుల కథలు పక్కన పెట్టి, మీ ఊర్ల వెట్టి వంతు ఎప్పటిదాక నడిచింది, ఎవరు మొదలు కాదన్నరు, ఇనాం భూమి ఎవరి పేర ఉండి ఎవరి పేరకు పోయింది, మొదటి బడికి పోయిన ఆడపిల్ల ఎవరు అని ముసలోళ్లను అడిగి రాయి. రేపు మన పిల్లలకు పనికొచ్చే వంశావళి అదొక్కటే. ఇవేవీ కుదరవని సంఘం అంటే, అదే వాడల ఇంకొక సంఘం పెట్టుకోవడానికి పది మంది చాలు.

ఇగ రేచడి సంగతి. రేచర్ల గోత్రం వాళ్లు ఆయనను గోత్ర పురుషునిగ చెప్పుకుంటరు. ఆయన మా మాలవాడే అని మాల సంఘం కూడ రేపు విగ్రహం పెట్టవచ్చు. విగ్రహం పెట్టేముందు ఒక్కసారి ఆలోచించాలె. రేచడు రక్తం వల్ల మనకు పూర్వీకుడు కాడు. తన శ్రమ పోగొట్టుకుని పేరు మాత్రం మిగిలిన ప్రతి మనిషికి, మాలకు, మాదిగకు, డక్కలికి, జోగిని తల్లికి, ఆయన పూర్వీకుడు. ఆయనకు వారసులం కావాలంటే ఆయన కులం మనది కావాల్సిన పని లేదు. ఆయనకు దక్కని వాటా అడగాలె, మన దగ్గర ఉన్న వాటా మన కన్న కింద ఉన్నోనికి పెట్టాలె.